లక్ష చిల్లర జనాభా ఉన్న దేశానికి ఏడీబీ డబ్బు: అప్పా, గ్రాంటా, అసలు చిక్కు ఎక్కడుంది?

ప్రశ్న: అమరావతికి అప్పిచ్చిన ఆసియా అభివృద్ధి బ్యాంకే (ఏడీబీ) పసిఫిక్‌లోని కిరిబాస్ లాంటి చిన్న ద్వీప దేశాలకు కూడా కోట్ల డాలర్లు ఇస్తోందని చదివాను. లక్ష చిల్లర జనాభా ఉన్న దేశం అంత డబ్బు ఎలా తీరుస్తుంది? ఇది అప్పుల ఉచ్చు కాదా? బ్యాంకుకి ఇందులో ఏం లాభం? నేను ఎం.ఏ. ఎకనామిక్స్ విద్యార్థిని, దీని మీద పేపర్ రాయాలి.

జవాబు:

ముందు సూటిగా చెప్పేస్తాను. కిరిబాస్‌కి ఏడీబీ ఇప్పుడు ఇస్తున్నది గ్రాంటు. అసలు లేదు, వడ్డీ లేదు, తిరిగి కట్టే పనే లేదు. కాబట్టి అప్పుల ఉచ్చు అన్న మాట ఇక్కడ అతకదు. అలాగని మీ సందేహం అర్థం లేనిదని అనను. ఆ దేశం నెత్తిన పడే భారం ఒకటి ఉంది. అది కరెంటు బిల్లు, ఫిల్టర్లు, స్పేర్ పార్టులు, ఆపరేటర్ల జీతాల రూపంలో నెలనెలా వస్తుంది. ఒప్పందం మీద సంతకాలు చేసిన రోజు వార్తల్లో దాని ఊసే ఉండదు. నేను నీటి సరఫరా ఇంజనీర్ని. ఇలాంటి బ్యాంకుల నిధులతో నడిచిన పనుల్లో మన దేశంలోనూ, కొంతకాలం పసిఫిక్‌లోనూ పనిచేశాను. అందుకే కిరిబాస్ రాజధాని ప్రాంతమైన సౌత్ తరావా నీళ్ల ప్రాజెక్టునే ఉదాహరణగా తీసుకుంటాను. ఏడీబీకీ ఒక చిన్న దేశానికీ మధ్య సంబంధం ఎలా ఉంటుందో అందులో అన్ని కోణాల్లోనూ కనిపిస్తుంది.

బ్యాంకు డబ్బు గురించి కొంచెం చెప్పాలి. 1966లో మనీలా కేంద్రంగా మొదలైన ఏడీబీ దగ్గర రెండు రకాల డబ్బు ఉంటుంది. ఒకటి మామూలు మూలధన నిధి. బ్యాంకు తన మంచి రేటింగ్ చూపించి అంతర్జాతీయ మార్కెట్లో బాండ్లు అమ్మి డబ్బు తెస్తుంది, దాన్ని దేశాలకు వడ్డీకి ఇస్తుంది. 2024 డిసెంబరులో అమరావతికి మంజూరు చేసిన 78.88 కోట్ల డాలర్లు ఈ కోవలోవే. ఆ అప్పు జపాన్ యెన్లలో ఉంది. మనం తిరిగి కట్టాలి. రెండోది ఆసియా అభివృద్ధి నిధి. జపాన్, ఆస్ట్రేలియా లాంటి దాతలు నాలుగేళ్లకోసారి ఇందులో డబ్బు వేస్తారు. 2025 నుంచి 2028 దాకా నడిచే విడతకు 500 కోట్ల డాలర్లని 2024లో తేల్చారు. ఇందులో బ్యాంకు సొంత ఆదాయం నుంచి మళ్లించే వాటా కూడా ఉంటుంది. అంటే మనలాంటి పెద్ద దేశాలు కట్టే వడ్డీల్లో కొంత చివరికి పసిఫిక్ ద్వీపాలకు గ్రాంటుగా చేరుతోంది. ఇది మనవాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ సంగతని నా అభిప్రాయం. ఎవరూ చెప్పుకోరు.

ఎవరికి అప్పు, ఎవరికి గ్రాంటు అన్నది బ్యాంకు దయాదాక్షిణ్యం మీద ఆధారపడదు. పేద, చిన్న దేశాల అప్పు మోసే శక్తిని ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి లెక్కగడతాయి. ప్రమాదం ఎక్కువ అని తేలిన దేశానికి ఏడీబీ తన రాయితీ సాయం మొత్తాన్నీ గ్రాంటుగానే ఇస్తుంది. కిరిబాస్ ఆ జాబితాలో ఉంది.

ఇక్కడ మీ పేపర్‌కి పనికొచ్చే విచిత్రం ఒకటి ఉంది. ఇదే కిరిబాస్‌కి విదేశాల్లో మదుపు చేసిన పొదుపు నిధి వంద కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైనే ఉంది. బనాబా ద్వీపంలో ఫాస్ఫేట్ తవ్వినప్పుడు వచ్చిన రాయల్టీలతో 1956లో, బ్రిటిష్ పాలనలోనే, ఆ నిధి పెట్టారు. 1979లో ఫాస్ఫేట్ అయిపోయింది, అదే ఏడు స్వాతంత్ర్యం వచ్చింది. బనాబా ప్రజల్లో ఎక్కువమందిని అంతకుముందే, 1945లో, ఫిజీలోని రాంబీ ద్వీపానికి తరలించేశారు. ఆ నిధి వెనక వాళ్లు పోగొట్టుకున్న నేల ఉంది. మరి అంత పొదుపు ఉన్న దేశానికి అప్పు ప్రమాదం ఎందుకు? ఎందుకంటే ఆ దేశానికి సొంత కరెన్సీ లేదు, ఆస్ట్రేలియా డాలరే వాడతారు. ఎగుమతి చేసుకోవడానికి కొబ్బరి, చేప తప్ప పెద్దగా ఏమీ లేవు. ప్రభుత్వ ఆదాయంలో సింహభాగం తమ సముద్రంలో ట్యూనా పట్టుకునే విదేశీ ఓడలు కట్టే లైసెన్సు ఫీజే. నేల మొత్తం కలిపితే 811 చదరపు కిలోమీటర్లు. హక్కున్న సముద్రం మాత్రం దాదాపు 35 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశం మొత్తం కన్నా ఎక్కువ. కానీ ట్యూనా ఆ సముద్రంలోనే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఎల్‌నినో ఏడాది (పసిఫిక్ నడిమి, తూర్పు నీళ్లు మామూలు కన్నా వేడెక్కే కాలం) చేప తూర్పుకి జరిగి కిరిబాస్ వైపు వస్తుంది, దానికి తిరగబడిన లానినా వస్తే పడమటికి పోతుంది.

మనకు ఎల్‌నినో అనగానే వానలు తగ్గుతాయని భయం. అక్కడ అంతా తలకిందులు. ఎల్‌నినోలో వానలు పుష్కలంగా పడతాయి, లానినాలో కరువు. అంటే చేప ఆదాయం తగ్గే కాలమే నీళ్లు తగ్గే కాలం కూడా కావచ్చు. 2022 జూన్‌లో అక్కడి ప్రభుత్వం కరువు కారణంగా విపత్తు ప్రకటించింది. అది కూడా లానినా కాలమే. ఇలాంటి దేశం అప్పు చేసి నీళ్ల ప్లాంటు కడితే, వాయిదా కట్టాల్సిన రోజునే ఖజానా ఖాళీగా ఉండొచ్చు. గ్రాంటుకి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదని నేననుకుంటాను.

ఇక నీళ్ల సంగతికి వద్దాం.

సౌత్ తరావా అంటే ఒక పగడపు దిబ్బ అంచున వరసగా ఉన్న సన్నని లంకల గొలుసు. వాటిని రోడ్లతో కలిపారు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క లోపలి మడుగు. చాలాచోట్ల ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనిపిస్తుంది. అరవై వేల పైచిలుకు జనం, అంటే దేశ జనాభాలో సగం, ఈ గొలుసు మీదే ఉంటారు. నది లేదు, వాగు లేదు, చెరువు లేదు. ఉన్నది వాన నీళ్లు, నేల కింద ఉప్పునీటి మీద తేలుతూ ఉండే పలుచని మంచినీటి పొర. కోనసీమలో, కృష్ణా డెల్టా చివర్లో పెరిగినవాళ్లకు ఈ బాధ తెలుసు. బావిలో పైన తియ్యటి నీళ్లుంటాయి, ఆశపడి బోరు లోతుగా దించి గట్టిగా లాగితే ఉప్పునీరు పైకి తన్నుకొస్తుంది. తరావాలో అయితే కింద ఉన్నదంతా సముద్రమే.

అందుకే అక్కడ లోతు బోర్లు వేయరు. తూర్పు చివర బోన్‌రికి, బువోటా అనే రెండు చోట్ల నీటి మట్టానికి కాస్త కింద, నేలకు అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచారు. వీటిని ఇన్‌ఫిల్ట్రేషన్ గ్యాలరీలు అంటారు. మంచినీటి పొర పైభాగాన్ని వీటితో మెల్లగా తోడతారు. మన నదీతీర పట్టణాల్లో ఇసుకలో వేసే ఇన్‌ఫిల్ట్రేషన్ బావుల సూత్రమే ఇది. ఈ రెండు చోట్లా కలిపి పొర చెడిపోకుండా రోజుకి తోడగలిగేది సుమారు 20 లక్షల లీటర్లు. అరవై వేల మందికి పంచండి, మనిషికి 33 లీటర్లు. మన జల్ జీవన్ మిషన్‌లో పల్లెకు పెట్టుకున్న లెక్కే 55 లీటర్లు. ఆ 33 లోంచి పాత గొట్టాల లీకుల్లో పోయేది తీసేయండి. అందుకే అక్కడ ఏళ్ల తరబడి రెండు రోజులకోసారి, రెండు గంటల సేపు నీళ్లు వదలడమే పద్ధతి అయిపోయింది. మిగతా అవసరానికి జనం ఇంటి పక్క బావుల్లో తోడుకుంటారు. ఇసుక నేల, పక్కనే మరుగుదొడ్డి గుంటలు, పందుల దొడ్లు. పసిపిల్లలకు విరేచనాలు పట్టుకోకుండా ఎలా ఉంటాయి?

ఈ పరిస్థితిలో వచ్చిందే సౌత్ తరావా నీటి సరఫరా ప్రాజెక్టు. వాతావరణ మార్పుల్ని తట్టుకోవడానికి పేద దేశాలకు సాయం చేసే అంతర్జాతీయ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్ 2018లో సుమారు 2.86 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. ఏడీబీ, ప్రపంచ బ్యాంకు గ్రాంట్లు, ప్రభుత్వ వాటా కలిపితే మొత్తం 6 కోట్ల డాలర్లకు అటూఇటూ అవుతుంది. ఏడీబీ 2019లో ఆమోదించింది. సముద్రపు నీటిని రోజుకి 40 లక్షల లీటర్ల చొప్పున మంచినీరుగా మార్చే ప్లాంటు, దానికి సోలార్ కరెంటు, కొత్త గొట్టాల వ్యవస్థ ఇందులో ఉన్నాయి. వెంటనే కోవిడ్ వచ్చి కిరిబాస్ 2020 నుంచి 2022 దాకా సరిహద్దులు మూసేసింది. బయటి నిపుణుడు అడుగు పెట్టే దారి లేకపోతే పని వెనకబడక తప్పదు.

ఇది మొదటి ప్రయత్నం అనుకోవద్దు. 1977లో తరావాలో కలరా ప్రబలింది. ఆ తర్వాత ఆస్ట్రేలియా సాయంతో మురుగు కాలువలు వేశారు. మంచినీళ్లు లేవు కాబట్టి మరుగుదొడ్లకు సముద్రపు నీటినే పంపు చేసే పద్ధతి పెట్టారు. చాలా తెలివైన ఆలోచన. కానీ ఉప్పునీరు ఇనుమును తినేస్తుంది. పంపులు, వాల్వులు మార్చుకుంటూ పోవాలి, దానికి ఏటా డబ్బు కావాలి. 1998లో ఏడీబీయే నీళ్లు, పారిశుద్ధ్యానికి దాదాపు కోటి డాలర్లు ఇచ్చింది. అప్పట్లో అది అప్పే. పనులు జరిగాయి గానీ నిర్వహణ సరిగా లేక వ్యవస్థ మళ్లీ పాడైంది. 2011లో పారిశుద్ధ్యానికి ఇంకో ప్రాజెక్టు పెట్టాల్సి వచ్చింది, అందులో పెద్ద భాగం ఉన్నదాన్ని బాగు చేయడమే. కట్టడం, పాడుపెట్టుకోవడం, మళ్లీ కట్టడం అనే ఈ వరసని పసిఫిక్‌లో పనిచేసిన ప్రతివాళ్లూ చూసే ఉంటారు.

ఎందుకలా అవుతుందో నా కళ్లతో చూసిన ఒక చిన్న సంగతి చెప్తాను. పసిఫిక్‌లో ఒక ద్వీపంలో (పేరు చెప్పను) క్లోరిన్ కలిపే డోసింగ్ పంపు ఆగిపోయింది. పాడైంది అరచేతిలో పట్టే రబ్బరు డయాఫ్రం. మన హైదరాబాద్‌లో అయితే మధ్యాహ్నం లోపు కొత్తది బిగించేస్తారు. అక్కడ స్టోర్ రూములో ఉన్నవన్నీ ఇంకో కంపెనీ పంపువి. ఒక్కో దాత ఒక్కో కాలంలో ఒక్కో దేశపు సామాను ఇచ్చాడు, ఒకదానిది ఇంకోదానికి సరిపోదు. ఫిజీ రాజధాని సువా నుంచి ఓడ వచ్చేదాకా ఆపరేటర్ బకెట్లో బ్లీచింగ్ కలిపి, చిన్న కొళాయి తిప్పి, బొట్టుబొట్టుగా ట్యాంకులోకి వదిలాడు. గంటకోసారి సీసాలో నీళ్లు పట్టి, బిళ్ల వేసి, రంగు చూసి పుస్తకంలో రాసుకున్నాడు. ఆ మనిషి పనితనానికి దణ్ణం పెట్టాలి. కానీ ఒక దేశపు తాగునీటి భద్రత ఒక్క మనిషి ఓపిక మీద నిలబడకూడదు.

డీశాలినేషన్ (సముద్రపు నీళ్లలో ఉప్పు తీసేయడం) దగ్గర ఈ సమస్య ఇంకా పెద్దదవుతుంది. సముద్రపు నీటిని ఒత్తిడితో సన్నని పొరల గుండా నెట్టి ఉప్పు వడకట్టే ఆర్వో (రివర్స్ ఆస్మాసిస్) పద్ధతికి వెయ్యి లీటర్లకు మూడు నుంచి నాలుగు యూనిట్ల కరెంటు పడుతుంది. 40 లక్షల లీటర్లంటే రోజుకి సుమారు 14,000 యూనిట్లు. డీజిల్ జనరేటర్ మీద నడిపితే, లీటరుకి నాలుగు యూనిట్ల లెక్కన రోజుకి 3,500 లీటర్ల డీజిల్. ఆ డీజిల్ ఓడలో రావాలి. అందుకే ఈ ప్రాజెక్టుకి సోలార్ కలిపారు. ఏడీబీ 2020లో తరావాకి విడిగా ఇంకో సౌర విద్యుత్ ప్రాజెక్టు కూడా ఆమోదించింది. ఈ రెండింటినీ కలిపి చూస్తేనే లెక్క కుదురుతుంది. సోలార్ పగలే ఇస్తుంది, ప్లాంటు రాత్రి కూడా నడవాలి, కాబట్టి డీజిల్ పూర్తిగా పోదు. దీనికి తోడు ఆ వడపోత పొరలు, అంటే మెంబ్రేన్లు, కొన్నేళ్లకోసారి మార్చాలి. హై ప్రెషర్ పంపుల సీళ్లు, నీళ్లను ముందుగా వడకట్టే కాట్రిడ్జ్‌లు, రసాయనాలు, ఇవన్నీ దిగుమతే.

ఈ ఖర్చు ఎవరు పెట్టాలి? అసలు ప్రశ్న ఇదే. నీళ్లను సరఫరా చేసేది పబ్లిక్ యుటిలిటీస్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ, కరెంటు కూడా అదే ఇస్తుంది. జనం దగ్గర పూర్తి ఖర్చు వసూలు చేయాలంటే వాళ్ల జేబులో అంత లేదు. చాలా కుటుంబాలు చేప, కొబ్బరి, బయట ఓడల మీద పనిచేసే కొడుకు పంపే డబ్బు మీద బతుకుతాయి. నీళ్లు రెండు రోజులకోసారి వచ్చినప్పుడు బిల్లు కట్టమంటే ఎవరికీ మనసొప్పదు. బిల్లు కట్టకపోతే రోజూ నీళ్లివ్వడానికి బోర్డు దగ్గర డబ్బుండదు. ఈ ముడి విప్పాలంటే ముందు నీళ్లు రావాలి, తర్వాత మీటరు, తర్వాత బిల్లు, అదీ అవసరమైన మొదటి కొన్ని లీటర్లు తక్కువ ధరకి ఇచ్చి. మిగిలిన లోటును ప్రభుత్వం బడ్జెట్‌లో రాసి, ఏటా తప్పకుండా బోర్డుకి చెల్లించాలి. చాటుమాటు సబ్సిడీ కన్నా బహిరంగంగా రాసిన సబ్సిడీ ఎప్పుడూ మేలు. ఇందులో బ్యాంకు పట్టుబట్టడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. దాన్ని ‘బ్యాంకు షరతులు’ అని కొట్టిపారేసేవాళ్లు ఒకసారి ఆ ఆపరేటర్ పక్కన నిలబడి చూడాలి.

బ్యాంకు తప్పులూ ఉన్నాయి. గ్రాంటు మొత్తాన్నీ కట్టడానికి వాడమని, నడపడానికి దేశమే చూసుకోవాలని అనడం పాత అలవాటు. పది కోట్ల మంది ఉన్న రాష్ట్రానికి అది సరిపోవచ్చు. లక్షా పాతిక వేల మంది ఉన్న దేశానికి సరిపోదు. అక్కడ హై ప్రెషర్ పంపు విప్పి బిగించగలిగేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో ఒకరు ఆస్ట్రేలియాకో న్యూజిలాండ్‌కో పనికి వెళ్లిపోతే ప్లాంటు సగం ఆగినట్టే. అందుకని కట్టిన కంపెనీయే కనీసం కొన్నేళ్లు నడిపి, ఊరి పిల్లలకు నేర్పి అప్పగించే ఒప్పందాలు రావాలని ఎప్పటి నుంచో అంటున్నాను. ఇప్పుడు ఆ దిశగా మార్పు కనిపిస్తోంది. టెండర్లలో మన ఎల్-1 పద్ధతి లాగా కట్టే ఖర్చు తక్కువ ఉన్నవాడికే ఇవ్వడం కాకుండా, ఇరవై ఏళ్ల కరెంటు ఖర్చు కూడా కలిపి పోల్చాలి. పంపు చవగ్గా దొరికితే కరెంటు బిల్లు దాని పగ తీర్చుకుంటుంది.

ఇంకో సంగతి, కాగితాల మోత. కిరిబాస్ ఆర్థిక శాఖలో ఉన్న కొద్దిమందే ఏడీబీకి, ప్రపంచ బ్యాంకుకి, గ్రీన్ క్లైమేట్ ఫండ్‌కి, ఆస్ట్రేలియాకి, న్యూజిలాండ్‌కి విడివిడిగా రిపోర్టులు రాయాలి. ఏడీబీ 2021 నుంచి 2025 దాకా 12 చిన్న పసిఫిక్ దేశాలకు విడివిడి వ్యూహపత్రాలు మానేసి ఒకే ‘పసిఫిక్ అప్రోచ్’ కింద పనిచేసింది. సరైన నిర్ణయమే. ఒకే ప్రాజెక్టుకి ముగ్గురు దాతలున్నప్పుడు ముగ్గురూ ఒకే రిపోర్టు తీసుకుంటే ఇంకా మంచిది.

భూమి సమస్య మీ పేపర్లో తప్పక రాయండి, చాలామంది వదిలేస్తారు. బోన్‌రికిలో మంచినీటి పొర ఉన్న నేల ప్రైవేటు కుటుంబాలది. ప్రభుత్వం దాన్ని నీటి రిజర్వుగా పెట్టి, సొంతదారులకు లీజు కడుతుంది. ఆ కుటుంబాలు తరతరాలుగా అక్కడ తోటలు వేసుకున్నవాళ్లు. తమ నేల కింద నీళ్లు ఊరందరికీ పోతుంటే, దాని మీద ఇల్లు కట్టొద్దంటే కోపం రావడం సహజం. మనీలాలో గీసిన ఏ నక్షా ఆ కోపాన్ని తీర్చలేదు. వాళ్లతో కూర్చుని మాట్లాడాల్సిందే. డీశాలినేషన్ వచ్చినా ఆ మంచినీటి పొరను వదులుకోకూడదు. ప్లాంటు ఆగిన రోజు అదే దిక్కు.

బ్యాంకుకి ఏం లాభం అన్నారు. డబ్బు లాభం ఏమీ లేదు. కిరిబాస్ 1974 నుంచి సభ్య దేశం, సభ్యులకు చేయడమే బ్యాంకు పని. దాని వెనక రాజకీయం కూడా ఉంది. జపాన్, అమెరికా పెద్ద వాటాదారులు. బ్యాంకు డైరెక్టర్ల బోర్డులో కిరిబాస్ తరఫున కూర్చునేది ఆస్ట్రేలియా నాయకత్వంలోని బృందం. 2019లో కిరిబాస్ తైవాన్‌ను వదిలి చైనాతో దౌత్యం పెట్టుకున్నాక అందరికీ ఈ ద్వీపాల మీద శ్రద్ధ పెరిగింది. దేశం తెలివిగా ఉంటే ఆ పోటీని తన ప్రజలకు పనికొచ్చేలా వాడుకోవచ్చు. ఇందులో తప్పేమీ లేదు.

మీ పేపర్ కోసం ఒక సలహా. ఏడీబీ తన ప్రతి ప్రాజెక్టు పత్రాలనూ వెబ్‌సైట్‌లో పెడుతుంది. మంజూరు సమయంలో బ్యాంకు బోర్డు ముందు పెట్టే నివేదిక అందరూ చదువుతారు. మీరు దానితో పాటు ఆర్థిక విశ్లేషణ అనుబంధం తెరిచి, నిర్వహణ ఖర్చులో ఎంత భాగం టారిఫ్ (జనం కట్టే నీటి చార్జీ) నుంచి, ఎంత భాగం ప్రభుత్వం నుంచి వస్తుందని రాశారో చూడండి. తర్వాత పాత ప్రాజెక్టుల ముగింపు నివేదికలు, వాటిని బ్యాంకులోని స్వతంత్ర మూల్యాంకన విభాగం తిరిగి పరిశీలించిన పత్రాలు తీసి, ‘సుస్థిరత’ అన్న విభాగాన్ని పక్కపక్కన పెట్టి చదవండి. తరావాతో పాటు టువాలు, నౌరు ప్రాజెక్టులవి కూడా చూస్తే పోలిక బాగా కుదురుతుంది. ఎక్కడైనా లెక్క అర్థం కాకపోతే ఆ పేజీ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.